ఊఁ కొట్టిన యంత్రం

"నిద్రపోతున్నాడనుకున్నాను," అన్నాడు కియెన్ మళ్ళీ.

"పొద్దున్న తొమ్మిదింటికా?"

"వాడికి వేళాపాళా లేదు పెద్దన్నా. నీడ కనిపిస్తే చాలు, ఒరిగిపోతాడు. నా పెళ్ళిలో పెళ్ళికూతురి తరఫున వ్యాన్‌లో వచ్చి, ఆ వ్యాన్‌లోనే నిద్రపోయాడు. భోజనాలయ్యాక దొరికాడు. నా బావమరిది గురించి నాకు తెలీదా?"

ఖోవాన్ నవ్వు ఆపుకోలేదు. నవ్వొచ్చినప్పుడు నవ్వేస్తే అవతలివాడి భుజాలు కాస్త దిగుతాయని ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నాడు. కార్మికుల బీమా సంస్థ తరఫున ప్రమాదాలు పరిశోధించడం అతని పని. ఎదురుగా కూర్చున్న కియెన్ ఈ గోడౌన్‌కి మేస్త్రీ. కిటికీ పక్క కుర్చీలో, టోపీ ఒళ్ళో పెట్టుకుని వింటున్నది పోలీసు కెప్టెన్ యెన్.

జరిగింది చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. నిన్న పొద్దున్న హాయ్‌ఫాంగ్ రేవు నించి దుంగల కంటైనర్ ఒకటి ఈ గోడౌన్‌కి వచ్చింది. కియెన్ తెరవమంటే అతని బావమరిది డాత్ తలుపులు తెరిచి, దుంగలకి గొలుసు తగిలించడానికి లోపలికెక్కి, అక్కడే పడిపోయాడు.

పురుగులు చావడానికి దుంగలకి పట్టించిన వాయువు లోపలే ఉండిపోయిందని డాక్టర్లు తేల్చారు. దానికి వాసన ఉండదు. తలుపులు తెరిచి పూటంతా గాలికి వదిలేస్తే తప్ప ఎవరూ అందులోకి అడుగు పెట్టకూడదు. అదృష్టం, నిన్న నది మీంచి గాలి బాగా వీచింది. డాత్ బతికాడు. ఇంకా కళ్ళు తెరవలేదు.

"సరే, నిద్రపోతున్నాడనుకుని ఏం చేశావు?"

"తిట్టాను."

"తరవాత?"

"చెప్పు విసిరాను. కాలికి తగిలింది. కదల్లేదు. అప్పుడు గుండె జారిపోయింది. ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళి, కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చాను."

"ఆగండి, ఆగండి!"

గుమ్మంలోంచి వచ్చిందా మాట. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారం రొట్టెల పొట్లం. లా థాంగ్. రేవు నించి గోడౌన్లకి కంప్యూటర్ మెసేజ్‌లు చేరవేసే సంస్థ పెట్టుకున్న పరిశోధకుడు. ఒకప్పుడు ఖోవాన్ కింద పనిచేశాడు. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"పొట్లం విప్పండి కెప్టెన్ గారూ, వేడిగా ఉన్నాయి. మేస్త్రీ గారూ, మీరొక మాటన్నారు. ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళారా?"

"అవును."

"లోపల వాయువుందని తెలీకపోతే ఊపిరెందుకు బిగబట్టారు?"

కెప్టెన్ యెన్ తల ఎత్తింది. కియెన్ ఖోవాన్ వైపు చూశాడు.

"మీ నాన్న ఏం చేసేవాడు?" అని అడిగాడు ఖోవాన్.

"ఏం సంబంధం అన్నగారూ?" అన్నాడు లా థాంగ్.

"నేను అడిగింది ఆయన్ని తమ్ముడూ. నువ్వు రొట్టె తిను."

"చేపల పడవ," అన్నాడు కియెన్. "చేప కుళ్ళితే పడవ అడుగుగదిలో చెడ్డ గాలి పుడుతుంది. లోపల మనిషి పడి ఉంటే ఎందుకని అడక్కు, ఊపిరి బిగబట్టి దిగు, కాళ్ళు పట్టి లాగు అని చిన్నప్పుడే నేర్పాడు. మా పెద్దనాన్న అలాగే పోయాడు. ఆయన్ని లాగబోయి ఇంకొకాయనా పోయాడు."

"బాగుంది కథ," అన్నాడు లా థాంగ్. "నా కథ ఇంకా చిన్నది. మొన్న సాయంత్రం చదరంగం బల్ల దగ్గర ఈయనా డాత్ కొట్టుకున్నంత పని చేశారు. 'నీ అంతు చూస్తా' అని ఈయన అరిచాడు. పదిమంది విన్నారు. అన్నారా లేదా మేస్త్రీ గారూ?"

"అన్నాను. బల్ల మధ్యలో నది గీత ఉంటుందిగా, ఏనుగు పావు ఆ నది దాటకూడదు కదండీ. దాటించానని వాడు, దాటించలేదని నేను."

"దాటించారా?" అంది కెప్టెన్ యెన్.

కియెన్ తల దించుకున్నాడు. "చెయ్యి జారింది మేడమ్."

కెప్టెన్ పెదవులు బిగించుకుని కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ఖోవాన్ గారూ, మీకు నేనిచ్చిన గడువు భోజనాల వేళ వరకే. ఆ తరవాత ఈయన్ని తీసుకెళ్ళక తప్పదు. కావాలనే పంపాడని రాస్తే ఏళ్ళు లోపలుంటాడు. ఈయన భార్య నిన్నట్నించి ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుంది. లోపల తమ్ముడు, ఇక్కడ మొగుడు. ఎవరి కోసం ఏడవాలో తెలీక ఊరికే కూర్చుంది."

"అందుకే తొందరగా తేల్చేద్దాం," అన్నాడు లా థాంగ్. "ఈ కంటైనర్లో విషవాయువు ఉందని మా సంస్థ మెసేజ్ పంపింది. ఈ గోడౌన్ కంప్యూటర్ 'అందింది' అని జవాబిచ్చింది. పంపడం మా వంతు, అందుకోవడం వీళ్ళ వంతు. ఇంకేం కావాలి?"

"కంప్యూటర్ నాకు అచ్చేసిచ్చిన స్లిప్‌లో ఆ మాటే లేదు," అన్నాడు కియెన్. "కంటైనర్ నంబరు, బరువు, సరుకు. కింద వివరాలన్నచోట ఖాళీ. వాయువు ఉంటే అక్కడే అచ్చవుతుంది. ఇన్నేళ్ళుగా అంతే. అక్కడ ఆ మాట చూసిన ఏ కంటైనర్నీ నేను ముట్టుకోనివ్వలేదు, అడగండి ఎవర్నైనా."

"ఆ స్లిప్ ఏదీ?"

"టీ గ్లాసు కింద పెట్టాను. తడిసింది. పారేశాను."

"ఎంత అనుకూలంగా తడిసింది! పోనీ, తలుపు మీద పుర్రె బొమ్మ స్టిక్కర్ ఉండాలే. అదీ తడిసిందా? దాన్ని ఎవరు పీకారు?"

ఖోవాన్ లేచాడు. "అది మాత్రం తలుపునే అడుగుదాం పద."

*

కంటైనర్ నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. చుట్టూ తాడు కట్టారు. తలుపులు బార్లా తెరిచే ఉండడంతో లోపలి గాలంతా ఎప్పుడో పోయింది.

ఖోవాన్ ముందు తలుపుల దగ్గరికి వెళ్ళలేదు. పక్క గోడ పొడవునా నడిచాడు. ఎర్రమట్టి, దాని మీద ఉప్పు చారలు. వేలితో గీస్తే గోరు నిండా మట్టి వచ్చింది. చుట్టూ తిరిగి తలుపుల ముందుకి వచ్చి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

తలుపులు మెరుస్తున్నాయి. కుడి తలుపు మీద, మనిషి కళ్ళ ఎత్తున, నలుచదరంగా జిగురు మరక మిగిలి ఉంది.

"చూశారా," అన్నాడు లా థాంగ్. "స్టిక్కర్ పీకి, ఆనవాలు లేకుండా తుడిచేశాడు."

"కెప్టెన్ గారూ, ఇలా రండి. ఈ తలుపు బందుల వెనక వేలు పెట్టి చూడండి."

కెప్టెన్ చూపుడువేలు బందు సందులోకి పెట్టి తీసింది. వేలు శుభ్రంగా ఉంది.

"ఇక్కడి వాళ్ళు కడగడానికి ఏం వాడతారు కియెన్?"

"బకెట్టూ, చీపురూ."

"ఆ పక్కన ఇంకో కంటైనర్ ఉందిగా. దాని తలుపు కడుగు. ఈ బందుల సందుల్లో మట్టి పోయేలా."

కియెన్ కడిగాడు. రెండు బకెట్లు పోశాడు, చీపురు వంచాడు, పుల్లతో గీకాడు. బందుల వెనక మట్టి నల్లగా నవ్వుతూ అక్కడే ఉంది.

"గుడ్డకీ చీపురుకీ అందని చోటు అది," అన్నాడు ఖోవాన్. "జోరుగా నీళ్ళు చిమ్మే తుపాకీ అయితేనే పోతుంది. అది ఈ గోడౌన్‌లో లేదు. రేవులో ఉంది. పరాయి దేశపు మట్టి అంటుకుని వస్తే అక్కడ కడిగి పంపుతారు. మట్టితోబాటు స్టిక్కరూ పోయింది."

కెప్టెన్ యెన్ ఫోన్ తీసింది. కాసేపు మాట్లాడి పెట్టేసింది.

"కడిగారట. తలుపులు మాత్రమే. మళ్ళీ స్టిక్కర్ అంటించే పని ఎవరిదని అడిగాను. 'విచారించి చెబుతాం మేడమ్' అంటున్నారు."

కియెన్ చీపురు గోడకి ఆనించాడు. కళ్ళు తుడుచుకోబోయి, చేతులకి మట్టి ఉందని ఆగాడు. కెప్టెన్ తన జేబురుమాలు ఇచ్చింది. ఇచ్చాక తనేదో తప్పు చేసినట్టు అటు తిరిగి నిలబడింది. ఖోవాన్ అది చూశాడు. చూసి, చూడనట్టు ఊరుకున్నాడు.

"సరే," అన్నాడు లా థాంగ్. గొంతు కాస్త తగ్గింది. "స్టిక్కర్ నీళ్ళలో పోయింది. ఒప్పుకున్నాను. మెసేజ్ పోలేదుగా? మేం పంపాం. వీళ్ళ కంప్యూటర్ అందిందంది. అందిందన్నాక చూడలేదంటే ఎలా కుదురుతుంది అన్నగారూ?"

అందింది. ఆ మాట ఖోవాన్‌ని పొద్దుట్నించీ గుచ్చుతూనే ఉంది.

భార్య మాయ్ బతికున్న రోజుల్లో, సాయంత్రాలు ఆమె తీగబచ్చలి ఆకు గిల్లుతూ కూర్చుంటే అతను ఆ రోజు కేసు చెప్పేవాడు. ఆమె "ఊఁ" కొడుతూ ఉండేది. వింటోందో లేదో చూద్దామని మధ్యలో కలిపేవాడు, "అప్పుడు గుమ్మంలోంచి ఒక పులి వచ్చింది." మాయ్ ఆకు మీంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేది. అతను నవ్వుకుని కథ కొనసాగించేవాడు. అంతా అయ్యాక, కూర పొయ్యి మీద పెడుతూ, "ఇంతకీ ఆ పులి ఏం చేసింది?" అనేది. అలాంటి సాయంత్రాలు అతనికి చాలా దొరికాయి.

"తమ్ముడూ, మీ సంస్థలో మెసేజ్‌లు పంపేది ఎవరు?"

"బిక్ అని ఇంజనీరు. ఏం?"

"ఫోన్ కలుపు. స్పీకర్లో పెట్టు. నీ ఎదుటే అడుగుతాను."

*

అందరూ ఆఫీసు గదిలోకి వచ్చారు. కియెన్ కంప్యూటర్ పక్కన నిలబడ్డాడు. పెట్టె పాతబడి పసుపురంగుకి తిరిగింది. దాని మీద స్లిప్పులు అచ్చేసే చిన్న యంత్రం ఉంది.

"బిక్ అమ్మాయ్, నేను ఖోవాన్‌ని. బీమా సంస్థ. ఈ గోడౌన్‌కి ఒక పులిని పంపగలవా?"

అవతల నవ్వు. "ఏమిటి బాబాయ్?"

"ముందిది చెప్పు. విషవాయువు సంగతి మెసేజ్‌లో ఎక్కడ రాస్తారు?"

"దానికి విడిగా ఒక గడి ఉంది. ఈ నెల మొదట్నించి కొత్త వెర్షన్ పెట్టాం కదా, నాలుగోది. అందులో వచ్చింది."

"దాని పక్కన ఇంకో గడి చేర్చు. ఎవరూ ఎప్పుడూ చూడనిది. అందులో 'లోపల పులి ఉంది' అని రాసి, ఉత్తుత్తి కంటైనర్ పేరుతో ఇక్కడికి పంపు."

"అన్నగారూ, ఇది వేళాకోళమా?" లా థాంగ్ కుర్చీలోంచి లేచాడు. "మనిషి ఆస్పత్రిలో ఉంటే మీరు..."

"పంపు బిక్," అంది కెప్టెన్ యెన్.

నిమిషం గడిచింది. పాత పెట్టె కూతపెట్టింది. యంత్రం గరగరమంటూ స్లిప్‌ని బయటికి నెట్టింది. కెప్టెన్ దాన్ని చింపి, వెలుతురులో పట్టుకుని చదివింది. నంబరు ఉంది. బరువు ఉంది. సరుకు ఉంది. వివరాల దగ్గర ఖాళీ.

"పులి లేదు," అంది.

"బిక్ అమ్మాయ్, నీకేమైనా జవాబు వచ్చిందా?"

"వచ్చింది బాబాయ్." నవ్వు ఆగిపోయిన గొంతుతో చెప్పింది బిక్. "'అందింది' అని వచ్చింది."

కియెన్ ఆ స్లిప్ వైపు, పాత పెట్టె వైపు మార్చి మార్చి చూశాడు.

"ఇది ఊఁ కొట్టింది," అన్నాడు ఖోవాన్. "ఊఁ కొట్టడం వేరు, వినడం వేరు."

"యంత్రం తప్పు కాదు బాబాయ్," అంది బిక్ గబగబా. "తెలియని గడి కనిపిస్తే గొడవ చెయ్యకుండా దాటెయ్యమని మేమే నేర్పాం. లేకపోతే కొత్త గడి చేర్చిన ప్రతిసారీ ఊళ్ళో సగం గోడౌన్లు ఆగిపోతాయి. పాత వెర్షన్ వాళ్ళు ఏమీ మార్చుకోకుండా పని చేసుకోవాలనే అలా పెట్టాం."

"మంచి మర్యాదే అది. నేను తప్పు పట్టడం లేదు. మరి ఈ కొత్త గడి రాకముందు, మూడో వెర్షన్లో, వాయువు సంగతి ఎక్కడ రాసేవాళ్ళు?"

"వివరాలు అనే గడిలో. మామూలు మాటల్లో."

"ఇప్పుడు?"

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"అక్కణ్ణించి తీసేశాం," అంది బిక్ మెల్లిగా. "ఒకే సంగతి రెండు చోట్ల ఎందుకని, కొత్త గడిలోకి మార్చాం."

"చేర్చి ఊరుకుంటే ఏమీ అయ్యేది కాదమ్మాయ్. పాతవాళ్ళు కొత్త గడి దాటేసినా, పాత గడిలో చూసుకునేవాళ్ళు. మీరు ఇల్లు మార్చారు. పాత గుమ్మానికి వచ్చేవాళ్ళకి కబురు పెట్టకుండా మార్చారు. ఈయన ఇన్నేళ్ళుగా చూసిన చోటే చూశాడు. అక్కడ ఖాళీ ఉంది. ఖాళీ అంటే వాయువు లేదని అర్థం చేసుకున్నాడు. నేనైనా అంతే చేస్తాను."

"పాతవాళ్ళు ఎవరూ లేరు!" అన్నాడు లా థాంగ్. చెంపలు ఎర్రబడ్డాయి. "అందరూ నాలుగో వెర్షన్‌కి మారారని ఖాయం చేసుకున్నాకే వివరాల గడి ఖాళీ చేశాం. నేనే ఆ రిపోర్టు చూశాను."

"ఎలా ఖాయం చేసుకున్నారు?"

"నాలుగో వెర్షన్లో ఒక మెసేజ్ అందరికీ పంపి చూశాం. అందరి దగ్గర్నించీ జవాబు..."

అతను ఆగాడు.

"ఏమని వచ్చింది తమ్ముడూ జవాబు?"

లా థాంగ్ కూర్చున్నాడు. రొట్టెల పొట్లాన్ని బల్ల మీద అటు జరిపి, ఇటు జరిపి, చివరికి చెప్పాడు.

"అందింది అని."

కెప్టెన్ యెన్ టోపీ అంచు మాటున నోరు దాచుకుంది. ఖోవాన్ మాత్రం నవ్వలేదు. ఓడిపోయినవాడి ముందు నవ్వకూడదన్నది అతను పెట్టుకున్న నియమం. పైగా అప్పటికే అతనికి ఇంకో ఆలోచన వచ్చింది.

"బిక్ అమ్మాయ్. నిజంగా మారినవాళ్ళెవరో, మారనివాళ్ళెవరో తెలుసుకునే దారి ఉందా?"

"ఉంది బాబాయ్. జవాబు కూడా మెసేజే కదా. ఎవరు ఏ వెర్షన్లో జవాబు రాశారో దాని తలమీదే ఉంటుంది. మేమెప్పుడూ అటు చూడలేదు, అందిందా లేదా అన్నంతవరకే చూశాం. ఉండండి." కీబోర్డు చప్పుడు. "నాలుగు... నాలుగు... ఇవన్నీ నాలుగే. మీ గోడౌన్ మూడు. ఇంకొకటి ఉంది, అదీ మూడే."

"ఏదది?"

"నది అవతల, దుంగల డిపో."

"లాన్ గారి డిపో," అన్నాడు కియెన్.

"బాబాయ్," బిక్ గొంతు సన్నబడింది. "మీ దగ్గరికి వచ్చిన కంటైనర్ దిగిన ఓడలోంచే ఇంకోటి కూడా దిగింది. అవే దుంగలు. ఇవాళ పొద్దున్నే ఆ డిపోకి వెళ్ళిపోయింది. వాయువు గడిలో 'ఉంది' అని ఉంది. వివరాల గడి ఖాళీ."

కియెన్ అప్పటికే తన ఫోన్లో లాన్ నంబరు నొక్కుతున్నాడు. అందరూ ఆ ఫోన్ మోత విన్నారు. మోగి, మోగి, ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. డిపో ఆఫీసు ఫోన్ ప్రయత్నించాడు. అక్కడా అంతే.

"భోజనాల వేళ కదా," అన్నాడు లా థాంగ్. "తిని నిద్రపోతుంటారు."

కియెన్ అతని ముఖంలోకి చూశాడు.

"నేనూ అలాగే అనుకున్నానండీ," అన్నాడు.

*

కెప్టెన్ యెన్ కారు నడిపింది. పక్కన కియెన్, వెనక ఖోవాన్, లా థాంగ్. చేతికి బేడీలు వెయ్యాల్సిన మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నానని ఆమెకి వంతెన ఎక్కాక గుర్తొచ్చింది కాబోలు, ఒకసారి పక్కకి చూసింది. మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

వెనక సీట్లో లా థాంగ్ ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తున్నాడు. ఖోవాన్ కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చున్నాడు. కొన్ని పనులు ఎవరూ అడక్కుండా చేస్తేనే మనిషికి తరవాత మనశ్శాంతి.

"బిక్," అన్నాడు లా థాంగ్ చివరికి. "ఆ డిపోకి మళ్ళీ మెసేజ్ పంపు. వాయువు సంగతి కొత్త గడిలోనూ పెట్టు, వివరాల గడిలోనూ పెట్టు. ఇకనించి అందరికీ అలాగే. రెండు చోట్లా."

"పై వాళ్ళ అనుమతి కావాలండీ. వెర్షన్ ముట్టుకోవద్దని..."

"నా పేరు రాసుకో. నేనే పంపమన్నానని రాసుకో."

ఫోన్ పెట్టేసి కిటికీ వైపు తిరిగాడు. "ఉద్యోగం పోతే మీ దగ్గరికే వస్తాను అన్నగారూ."

"రా. పాత కుర్చీ అలాగే ఉంది. ఒక కాలు మాత్రం ఊగుతోంది."

డిపో గేటు తెరిచే ఉంది. కాపలా గది తలుపు వేసి ఉంది. పలికేవాళ్ళు లేరు. కారు లోపలికి వెళ్ళి మలుపు తిరిగింది. కెప్టెన్ ఒక్కసారిగా బ్రేక్ తొక్కింది.

ఆవరణ మధ్యలో ఎర్రమట్టి కొట్టుకున్న కంటైనర్. దాని నీడలో, నేల మీద, ఐదుగురు మనుషులు పడి ఉన్నారు. ఒకడు బోర్లా. ఒకడి చెయ్యి పక్కవాడి ఛాతీ మీద. బోర్లా ఉన్నవాడి ఒక కాలికే చెప్పుంది, రెండో చెప్పు దూరంగా పడి ఉంది. ఎవరిలోనూ కదలిక లేదు.

"దేవుడా," అంది కెప్టెన్.

ఆమె ఇంకా తలుపు పిడి వెతుక్కుంటూ ఉంది. కియెన్ దిగిపోయాడు. బుగ్గలు పొంగించి, పెదవులు బిగించి, నోటి మాట లేకుండా పరుగెత్తాడు. అందరికంటే కంటైనర్‌కి దగ్గరగా ఉన్న లావుపాటి మనిషి రెండు కాళ్ళూ పట్టుకుని, ఒక్క ఊపున ఈడ్చాడు. కింద పరుచుకున్న అట్టముక్కతో సహా మనిషి జర్రున జారి ఎండలోకి వచ్చాడు.

"ఎవడ్రా అది!" అని గర్జించాడు ఆ మనిషి.

కియెన్ ఆగలేదు. ఊపిరి ఇంకా బిగబట్టే ఉన్నాడు. రెండోవాడి కాళ్ళు పట్టుకున్నాడు. వాడు తన్నాడు. మూడోవాడు లేచి కూర్చుని కళ్ళు నులుముకుంటూ, "అప్పుడే ఒంటిగంట అయిందా?" అన్నాడు. బోర్లా పడుకున్నవాడు మాత్రం లేవలేదు. ఖోవాన్ పరుగున వెళ్ళి వాడి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, వాడి ముక్కు దగ్గర చెవి పెట్టాడు.

గురక. నిండుగా, హాయిగా, తీరిగ్గా.

ఖోవాన్ అలాగే కాసేపు విన్నాడు. ఏ పాటగత్తె గొంతూ అతనికి ఆమధ్య అంత తియ్యగా వినిపించలేదు.

"కియెన్, ఊపిరి వదులు!" అని అరిచాడు. "ఇది మామూలు నిద్ర!"

కియెన్ ఊపిరి వదిలాడు. వదిలి, నేల మీద కూలబడి, దగ్గాడు. ఈడ్చబడిన లావుపాటి మనిషి లుంగచుట్టుకున్న చొక్కా సర్దుకుంటూ లేచి నిలబడ్డాడు. డిపో మేస్త్రీ లాన్.

"నీకేమైనా పిచ్చా కియెన్? నిన్న బావమరిదిని ఈడ్చావు, ఇవాళ నన్నా? ఊళ్ళో ఎవర్నీ పడుకోనివ్వవా?"

"తలుపు తెరిచావా?"

"ఏ తలుపు?"

"కంటైనర్ తలుపు, లాన్ అన్నా! తెరిచావా?"

లాన్ బొటనవేలితో వెనక్కి చూపించాడు. కడిగిన తలుపుల మీద పుర్రె బొమ్మ లేదు, సీలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద, గోడకి ఆనించి, సీలు కోసే పెద్ద కత్తెర. "కోద్దామనే కత్తెర తెచ్చాం. అన్నం వేళైంది. తిన్నాక కళ్ళు మూతలు పడుతుంటే పనేమిటని పడుకున్నాం. ఫోన్లన్నీ గదిలో పడేశాం. ఏమైంది?"

లా థాంగ్ కాపలా గదిలోంచి వస్తున్నాడు. చేతిలో అక్కడి యంత్రం కొత్తగా అచ్చేసిన స్లిప్ ఉంది. దాన్ని కెప్టెన్‌కి ఇచ్చాడు. అందరికీ వినపడేలా ఆమె చదివింది.

"వివరాలు. విషవాయువు ఉంది. తెరిచాక పూటంతా గాలికి వదలనిదే లోపలికి వెళ్ళరాదు."

లాన్ కత్తెర వైపు చూశాడు. తరవాత తన నలుగురు మనుషుల వైపు చూశాడు. బోర్లా ఉన్నవాడు ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు. లాన్ ఒంగి, వాడి రెండో చెప్పు తెచ్చి, కాలి పక్కన పెట్టాడు.

కెప్టెన్ యెన్ ఆ స్లిప్ మడిచి జేబులో పెట్టుకుంది. "ఖోవాన్ గారూ, నిన్న ఈ మనిషి ఊపిరి ఎందుకు బిగబట్టాడని కదా ప్రశ్న? ఇవాళ నా కళ్ళతో చూశాను. నా కాగితాలు మళ్ళీ రాసుకోవాలి."

అప్పుడే కియెన్ ఫోన్ మోగింది. ఆస్పత్రి నించి అతని భార్య. స్పీకర్ నొక్కకపోయినా, ఏడుస్తూ నవ్వుతున్న ఆ గొంతు అందరికీ వినిపించింది.

"కళ్ళు తెరిచాడు! నిన్నే అడుగుతున్నాడు! ఏమన్నాడో తెలుసా, 'బావ ఏనుగుని నది దాటించాడు, నిజం ఒప్పుకోమను' అంటున్నాడు!"

కియెన్ నది వైపు, తాము దాటి వచ్చిన వంతెన వైపు చూశాడు.

"దాటించానని చెప్పు," అన్నాడు. "రెండు సార్లు దాటించానని చెప్పు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లాన్ ఖాళీ చేసిన అట్టముక్క మీదికి ఒరిగి, చెయ్యి తల కింద పెట్టుకున్నాడు. నిన్నట్నించి రెప్ప వెయ్యని మనిషి. ఖోవాన్ తన టోపీ తీసి అతని ముఖం మీద ఎండ పడకుండా పెట్టాడు.

లా థాంగ్ దగ్గరికొచ్చి ఒంగి చూశాడు. "ఈయన నిజంగానే నిద్రపోతున్నాడంటారా?"

"కియెన్," అన్నాడు ఖోవాన్ మెల్లిగా, "గేటులోంచి ఒక పులి వచ్చింది."

టోపీ కిందనించి, చాలా దూరం నించి వచ్చినట్టు, జవాబు వినిపించింది.

"ఊఁ."